కరుణమ్మ అక్క పెట్టకుండా వదిలిన "సా"

చనిపోయిన మనిషి ఊపిరి మీ ఫోన్‌లోకి ఎప్పుడైనా వచ్చిందా?

నాకు నిన్న వచ్చింది.

ఎదురుమొండిలో ప్రార్థన ముగించుకుని తెల్లారగానే ఏరు దాటించే పంటు ఎక్కాను. దీవిలో సిగ్నల్ ఉండదు. ఏటి మధ్యకి వచ్చేసరికి ఫోన్ మోగింది. గుడివాడ కరుణమ్మ అక్క ముందురోజు సాయంత్రం పంపిన ఆడియో ఫైల్. ఆదివారానికి కొత్త పాట ట్రాక్.

ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటున్నాను. మధ్యలో కాల్. అక్క మేనకోడలు సునీత.

"బాబాయ్, అత్తయ్య లేవట్లేదు. డాక్టర్ గారు వచ్చి చూసి వెళ్లిపోయారు."

కాల్ కట్ అయింది.

ఆగిన చోటి నుంచి పాట తనంతట తానే మళ్లీ అందుకుంది.

నడి ఏట్లో, నా చెవిలో, అక్క వాయిస్తూనే ఉంది.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. అక్కది బందరు. గుడివాడలో స్థిరపడింది. నలభై ఏళ్లు మన సంఘాల్లో హార్మోనియం వాయించింది. యాభై ఏడో ఏట లాప్‌టాప్ కొని పాటలకు ట్రాక్‌లు కట్టడం మొదలుపెట్టింది.

నేను నాగాయలంకలో బోటు ఇంజన్లు బాగుచేసుకుంటూ వాక్యం చెప్పేవాణ్ణి. ఏ సెమినరీ మెట్లూ ఎక్కలేదు. కానీ వేదికెక్కి ఆ లాప్‌టాప్ మీద నిప్పులు కక్కాను. దేవుడు ఊపిరి ఊదింది మట్టిలోకి గానీ మిషన్‌లోకి కాదని అరిచాను. అక్క ముందు వరసలోనే కూర్చుంది.

మర్నాడు ఇంటికి పిలిచింది. పెసరట్టు పెట్టి, హెడ్‌ఫోన్స్ నా చెవులకు తగిలించింది.

కంప్యూటర్ వయొలిన్ల వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నారు.

"ఎవరక్కా అది?"

"మా నాన్న హార్మోనియం తిత్తి. స్వరం లేకుండా గాలి ఒక్కటే రికార్డ్ చేశాను. ప్రతి చరణం ముందు వస్తుంది. జనానికి ఎక్కడ ఊపిరి పీల్చాలో ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంజన్లు విప్పేవాడివి, గాలి సంగతి నీకు నేను చెప్పాలా?"

ఆ పూట నాకు పాఠం చెప్పింది. సాఫ్ట్‌వేర్‌లో వేల శబ్దాలుంటాయి, ఏది వద్దో తెలియడానికి వేళ్లు వాయించి ఉండాలట. మన పాటలో గాంధారం నిలకడగా ఉండదు, ఊగుతుంది. దాని కింద మూడు నాలుగు స్వరాలు కలిపిన లావుపాటి కార్డ్ వేస్తే గోడకు మేకు కొట్టినట్టే. అందుకని సా, పా రెండే వేసేది. డ్రమ్ కూడా కంప్యూటర్ గీసిన తాళం గీత మీద పెట్టేది కాదు. ముసలమ్మల చప్పట్లు కొంచెం ఆలస్యంగా పడతాయి కాబట్టి అంతే ఆలస్యంగా జరిపేది.

ఇంకొక పద్ధతి ఉంది. మీరందరూ విన్నారు, గమనించి ఉండరు.

అక్క కట్టిన ఏ ట్రాకూ సా మీద ముగియదు. చివరి "ని" దగ్గర ఆగిపోతుంది.

"సా అంటే ఇల్లు తమ్ముడూ. గుమ్మం దాకా తీసుకెళ్లి వదిలేస్తాను. లోపలికి అడుగు వాళ్లే వేయాలి."

నిజం. ని దగ్గర సంగీతం ఆగగానే, పాట రానివాళ్లు కూడా గొంతెత్తి సా పాడేసేవారు.

పెడన సభలకు ముందు ఈ సంగతి నాకు తెలియదు. ట్రాక్ తెగిపోయిందనుకున్నాను. పల్లవిలోంచి ఒక సా కోసి, ఫోన్‌లోనే చివర అతికించాను.

సభలో పాట చక్కగా ముగిసింది.

ఒక్క నోరూ తెరుచుకోలేదు.

అందరూ స్పీకర్ బాక్సు వైపు చూస్తూ కూర్చున్నారు. శవం ఉన్న ఇంట్లో తప్ప అలాంటి నిశ్శబ్దం నేను వినలేదు.

అక్క తిట్టలేదు. "తలుపు నువ్వే వేసేశావు కదా, ఇంక వాళ్లెలా వస్తారు?" అంది, అంతే. ఆ పద్ధతి గురించి నాకు చెప్పింది కూడా అప్పుడే. నేను క్షమించమని అడగలేదు. తర్వాత అడుగుదాంలే అనుకున్నాను.

సంఘమా, ఆ "తర్వాత" నిన్న తెల్లవారుజామున ముగిసింది.

నిన్న గుడివాడలో ఫ్రీజర్ బాక్సు పెట్టడానికి హార్మోనియం పక్కకు జరిపారు. తిత్తిలో మిగిలిన గాలి కదిలింది. ఒక స్వరం సన్నగా పలికి, గుమ్మం దగ్గరే ఆగింది.

ఏ స్వరమో నేను చెప్పక్కర్లేదు.

లోపల స్వరం పలికే రీడ్ లీకై ఉంటుంది, మెకానిక్‌ని, నాకు తెలుసు. అయినా సునీత నా చెయ్యి పట్టుకుంది.

తర్వాత ఆ ఫైల్ చివరిదాకా విన్నాను. ని మీద ఆగింది. దాని కింద తిత్తి గాలిని లోపలికి పీల్చింది. అక్క ఎప్పుడూ ఆ గాలిని బయటికి వదిలి ముగించేది.

ఈసారి వదల్లేదు.

మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ సా పాడబోయాను. ఇంత అరిచే గొంతు, రాలేదు.

ఇప్పుడు కొందరు పెద్దలు ఆ ట్రాక్‌ని స్టూడియోకి పంపి పూర్తి చేయిద్దామంటున్నారు. అయ్యలారా, వద్దు. ఆ తప్పు ఒకసారి నేను చేశాను. ఫైల్ కింద అక్క నాకు రాసిన మాట ఇది:

"తమ్ముడూ, ఈసారి సా జోలికి వెళ్లకు."

వెళ్లనక్కా. నన్ను క్షమించు. ప్రభువు సన్నిధిలో నెమ్మదిగా విశ్రాంతి తీసుకో.

సమాధి కూడిక ఈ రోజే, సాయంత్రం నాలుగింటికి, బందరు సమాధుల తోటలో. ఆ పాట అక్కడ వేస్తున్నాం, అక్క వదిలినట్టే.

దివిసీమ వాళ్లు మధ్యాహ్నానికే బయల్దేరండి. గుడివాడ, పెడన వాళ్లు పని ఆపి రండి. రేపు వస్తామనకండి. రేపటికి మట్టి కప్పేసి ఉంటుంది.

పాట ని దగ్గర ఆగుతుంది. నా వైపు చూడకండి, స్పీకర్ వైపు చూడకండి.

అక్క పీల్చిన ఊపిరి ఇంకా లోపలే ఉంది. ఈ రోజే వచ్చి, మీ గొంతుతో దాన్ని బయటికి వదలండి.