ఆరిందని నేను చెప్పిన ట్రే

మా ఇంట్లో తడి పోగొట్టే పనికి ఒక మాట సరిపోయేది కాదు. బట్టలు ఆరేసేవాళ్ళం, మిరపకాయలు ఎండబోసేవాళ్ళం. తలస్నానం చేసి జుట్టు ఎండబెట్టుకుంటున్నానని అంటే మా అమ్మ నవ్వేది. జుట్టు ఆరబెట్టుకోవాలి, ఎండబెట్టేది వరుగులు. పొలం నుంచి వచ్చి నీళ్ళ చెంబు అందుకుంటే, "చెమట ఆరనియ్యి, గప్పుడు తాగు" అనేది. జొన్నలకు మాత్రం రెండూ కావాలి. పగలంతా ఎండబోసి, పొద్దుగూకే ముందు నీడకు లాగి ఆరబెట్టి, వేడి దిగాకే గుమ్మిలో పోసేది. వేడి మీద పోస్తే గింజకు లోపల చెమట పట్టి ముక్కిపోతుంది.

పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీలో చేరాక ఈ మాటలన్నిటికీ బదులు ఒకటే మాట విన్నాను. డ్రయింగ్. "డ్రై అయిందా, లేదా?" మూడో జవాబుకు అక్కడ చోటు లేదు. ఆ మాటంటే నాకు ఇప్పటికీ కిట్టదు. కానీ ఆ రోజుల్లో దాన్ని అందరికంటే గర్వంగా పలికినవాణ్ణి నేనే.

తొంభైల మొదటి ఏళ్ళు. నాకు ముప్పై దాటాయి. గిర్రున తిరిగే డ్రమ్ము నుంచి మందు తడి సున్నం ముద్దలా వచ్చేది. ఆ తడి నీళ్ళది కాదు, ముక్కు మండించే ద్రావకానిది. ఆ ముద్దను రేకు ట్రేలలో పరిచి, వేడిగాలి తిరిగే పెద్ద బీరువాలో పెట్టేవాళ్ళం. బీరువాకు నలభై ఎనిమిది ట్రేలు. దాని దగ్గర మేం ఇద్దరం. రెండో మనిషి చిట్కుల్ నుంచి వచ్చే పెద్దాయన. బాబాయి వరసన కాక అనేవాణ్ణి. యాభై అయిదేళ్ళు, ఏడేళ్ళుగా కాంట్రాక్టరు కిందే పని. ఉండలు చిదమడం, పొడిని తిరగేయడం ఆయన వంతు. ఆ యేడు పాతవాళ్ళలో కొందరిని పర్మనెంట్ చేస్తారన్న మాట వినిపిస్తుంటే, రోజూ గంట ముందే గేటు దగ్గర నిలబడేవాడు.

నేను చదివింది ఏడో తరగతి. శాతాలు కట్టడం ల్యాబ్‌వాళ్ళు పారేసిన కాగితాల వెనక నాకు నేనే నేర్చుకున్నాను. ఎవరూ అడక్కుండానే ప్యాకింగ్ కాంటా తెచ్చుకుని గంట గంటకూ ఒక ట్రే తూచి నోటుబుక్కులో రాసేవాణ్ణి. వరుసగా రెండు తూకాలు ఒకటే వచ్చాయంటే తడి పోయినట్టు. కాక కాంటా వైపు చూసేవాడు కాదు. చేతి తొడుగు తీసి, వేళ్ళ వెనక భాగం పొడిలోకి దించి, కళ్ళు మూసుకునేవాడు. పక్క ట్రేల కంటే చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉందని ఆయన లెక్క. జొన్న రాశిలో మోచేతి దాకా చెయ్యి దించి చూసే అలవాటు అది.

"కాకా, నీ చెయ్యికి గ్రాములు తెలుస్తయా?" అనేవాణ్ణి.

"నీ కాంటాకు తడి తెలుస్తదా తమ్మీ?" అనేవాడు.

ఆ రోజు పొద్దుటి షిఫ్టు. రెండింటికి ముగుస్తుంది. మా సూపర్‌వైజరు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవాడు. ఆ బ్యాచ్ తన షిఫ్టు లెక్కలోకే రావాలని పది నుంచే వెనకాల తిరుగుతున్నాడు.

"ఏమయ్యా లెక్కల మాస్టారూ, ఎంతవరకు వచ్చింది?"

పదింటికి ఆరు కిలోల నూట ఇరవై గ్రాములు. పదకొండింటికి ఆరు కిలోల నూట పది. పన్నెండింటికి కూడా అదే. చూపించాను. "అయిపోయింది సార్" అన్నాను.

కాక కింది వరుసలో వెనక ట్రే దగ్గర కూర్చుని ఉన్నాడు. "ఆరలేదు సారూ. గీడ సల్లగ తగులుతున్నది. ఇంకో రెండు మూడు గంటలు ఉంచుండ్రి."

"నువ్వు ఊరుకో ముసలాయనా. అతను తూచి చెబుతుంటే నువ్వు తడిమి చెబుతావా?"

కాక నా వైపు తిరిగాడు. "తమ్మీ, జెర వచ్చి సూడు. ఒక్కసారి చెయ్యి వెట్టు."

నేను వెళ్ళలేదు. పది అడుగులు కూడా లేదు. "కాంటా అబద్ధం చెప్పదు కాకా" అన్నాను. సూపర్‌వైజరు నవ్వాడు. నేనూ నవ్వాను. ల్యాబ్‌కు పంపిన నమూనా కూడా నేను తూచిన ట్రే నుంచే తీశారు. పాసయింది. రెండు కాకముందే పొడి నింపిన ప్యాకింగ్ డ్రమ్ములకు మూతలు పడ్డాయి.

నెలన్నర తర్వాత ఆ డ్రమ్ములు కొన్నవాళ్ళ దగ్గర్నుంచి తిరిగొచ్చాయి. లోపలి పొడి రాళ్ళలా గట్టిపడింది. మేనేజరు గదికి మా ముగ్గుర్నీ పిలిచారు. ఉండలు సరిగా చిదమలేదన్నాడు సూపర్‌వైజరు. కాక గొంతు లేచింది.

"ఆరలేదని ఆ దినమే చెప్పిన. గీ తమ్మి ముందలనే చెప్పిన. అడుగుండ్రి!"

"ఆరలేదని నీకెలా తెలిసింది?" అన్నాడు మేనేజరు.

"చెయ్యి వెట్టి సూసిన."

"మందులో ఉత్త చెయ్యి పెట్టావా?"

కాకకు తాను ఏమన్నాడో అర్థం కాలేదు. "వెట్టకుంటె ఎట్ల తెలుస్తది సారూ?" అన్నాడు, పిల్లలకు చెప్పినట్టు. సూపర్‌వైజరు ముఖం తేటపడింది. అప్పటిదాకా అతని మెడ చుట్టూ ఉన్న ఉచ్చు కాక మెడకు మారింది.

మేనేజరు నన్ను అడిగాడు. నోటుబుక్కు తెరిచి ఆ రెండు అంకెలూ చదివాను. "అంటే ఆరినట్టే కదా?" అన్నాడు. నేను తూచింది ఒక్క ట్రే అని చెప్పాలి. కాక వద్దంటుంటే ట్రేలు తీయించామని చెప్పాలి. "అవును సార్" అన్నాను. నా అంకెలు తప్పవుతాయన్న భయం తప్ప ఆ ఘడియలో నాకు ఇంకేమీ లేదు. మర్నాటి నుంచి కాకను రావద్దని కాంట్రాక్టరు చెప్పాడు. మందులో చెయ్యి పెట్టినందుకు.

తర్వాతి బ్యాచ్‌లో నలభై ఎనిమిది ట్రేలూ తూచాను. నేను ఎప్పుడూ తూచేది నడుము ఎత్తులో, ఫ్యాను ఎదుట ఉన్న ట్రే. వంగే పని లేదని. అన్నిటికంటే ముందు ఆరేది అదే. కింది వరుసల్లో వెనకవైపు పది ట్రేలకు ఇంకా దాదాపు మూడు గంటలు పట్టింది. నలభై ఎనిమిదింట్లో ఒకటి, నూటికి రెండు పాళ్ళు. అంత చూసి మిగతా తొంభై ఎనిమిది పాళ్ళకు నేను పూచీ పడ్డాను. ఆ తూకాలన్నీ రాసిన కాగితం సూపర్‌వైజరు ముందు పెడితే, "అయిపోయిందానికి ఇప్పుడెందుకయ్యా?" అని మడిచి నా జేబులోనే పెట్టాడు. ఆ చెయ్యి విరిచేయాలనిపించింది. విరిచేవాణ్ణే అయితే ఆ రోజు గదిలోనే నోరు తెరిచేవాణ్ణి.

ఆ ఆదివారం కాగితం పట్టుకుని చిట్కుల్ వెళ్ళాను. కాక ఇంటి ముందు గచ్చు మీద జొన్నలు పోసి ఉన్నాయి. సాయంత్రం కావస్తోంది, భార్యతో కలిసి నీడకు లాగుతున్నాడు. నన్ను చూసి ఆమె లోపలికి వెళ్ళిపోయింది. కూర్చోమనలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు.

"కాకా, మొత్తం తూచిన. నువ్వు చెప్పిందే నిజం."

"నాకు తెల్వదా?" అన్నాడు. "గా దినం సారు అడిగినప్పుడు నీ నోట్లె ఏమున్నది?"

కాగితం అందించబోయాను. తీసుకోలేదు. "కాంటా తేలేదా? మరి గివి ఆరినయో లేదో ఎట్ల చెప్తవ్?"

ఏం చేయాలో తెలియక వంగి రాశిలో చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉన్నట్టూ అనిపించింది, చల్లగా ఉన్నట్టూ అనిపించింది. ఆయన నా మణికట్టు పట్టుకుని బయటకు లాగాడు.

"తియ్. చెమట చెయ్యి. గింజలకు తడి తగుల్తది."

చెయ్యి ప్యాంటుకు తుడుచుకున్నాను. ఆయన నా వైపు మళ్ళీ చూడలేదు. నా చేతి నుంచి నేను నిలబడిన చోట రాలిన గింజలను పక్కకు ఊడ్చి, వాటిని రాశిలో కలపకుండా కోళ్ళకు విసిరాడు.