పడుగు అయిపొయ్యేదాకా

మా ఇంటి పెంకులు కోతుల పాలైనాయి. మదనపల్లెలో మా వీధికి అవి యాడ్నుంచి దిగుతాయో ఏమో గానీ, పొద్దున్నే వచ్చి ఒక్కో పెంకూ ఎత్తి, కింద ఏముందో చూసి, ఏమీ లేదని వీధిలోకి విసిరేసి పోతాయి. వాటిని తిట్టీ తిట్టీ నా గొంతు పొయ్యింది. వాన పడితే చాలు, ముందుగది అంతా కారేది. ఆ ముందుగదిలోనే మా వదిన మగ్గం ఉండాది.

వదిన అంటే మా ఆయనకు అక్క. పెండ్లయిన కొన్నాళ్లకే మొగుడు పోతే పుట్టింటికి వచ్చేసింది. నేను ఈ ఇంటికి కోడలుగా వచ్చేటప్పటికే ఆమె మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూచోని చీర నేస్తాండాది. ఇప్పటికీ అదే చోటు. పట్టు మీద చుక్క నీళ్లు పడి మరకైతే, పట్టు ఇచ్చిన షావుకారు ఊరుకోడు. అందుకని మగ్గానికి పైన ప్లాస్టిక్ పట్ట కట్టి, ఆ పట్ట కింద ఒదిగి కూచోని నేసేది. పట్ట నిండి బరువుకు కిందికి వేలాడితే కట్టెతో ఎత్తి నీళ్లు పక్కకు వంపేది. చూస్తాంటే నాకు ప్రాణం ఉసూరుమనేది.

ఇల్లు కప్పించాల్సిందేనని మా ఆయన మీద పడినా. ఆయన టమాటా మండీలో గుమాస్తా, సీజన్‌లో ఇంటి ముఖమే చూడడు. నువ్వే నలుగుర్ని విచారించు, ఎవరు తక్కువకు ఒప్పుకుంటే వాళ్లకిద్దామని నా నెత్తిన పెట్టేసినాడు. నాకూ కావాల్సింది అదే. నాకు స్లాబు మీద ఆశ. మా అమ్మోళ్లది పెద్దతిప్పసముద్రం దగ్గర పల్లె, ఆడ మా మిద్దె మీద నిలబడితే చెరువు దాకా కనపడేది. ఈ పెంకుటింట్లో పడినప్పట్నుంచి నాకు మిద్దె లేదు. మిద్దె ఎక్కి బట్టలారేసుకోవాల, మిరపకాయలు ఎండబెట్టుకోవాల, సాయంత్రం కాసేపు గాలికి కూచోవాల. ఇంతకు మించి నేనేమన్నా వజ్రాల హారం అడిగినానా?

మొదట మదనపల్లె మేస్త్రీనే పిలిచినా. సాయిబు, పెద్దమనిషి, చెప్పులు గడప బయటే విడిచి వచ్చినాడు. గోడలు తట్టినాడు, దూలాలు గిల్లి చూసినాడు, టేపు పట్టి కొలిచినాడు. అంతా అయినాక మగ్గం దిక్కు చూసి, ఈ సామాను తీసేస్తే పని మొదలుపెడతానమ్మా అన్నాడు. పైన కాంక్రీటు పోసేటప్పుడు కింద గది నిండా కట్టెలు నిలబెట్టాల, గుంత ఉంటే కుదరదు, మట్టేసి పూడ్చాల. ఆయన చెప్పింది న్యాయమే. వదిన ఆయన మాటలు వింటా కూడా చెయ్యి ఆపలేదు.

రెండో ఆయన పుంగనూరు నుంచి బుల్లెట్ మీద వచ్చినాడు. ఆయన టేపు కూడా తియ్యలేదు. గది నడిమధ్య నిలబడి పైకి చూసి, ఫోను తీసి ఫొటోలు చూపించడం మొదలుపెట్టినాడు. ఈడ లైట్లు, ఆడ ఫ్యాను, ఈ మూల టీవీ. టీవీ అని ఆయన చెయ్యి చూపించిన చోట మా వదిన కూచోనుండాది. రేటు మాత్రం చుక్కల్లో ఉండాది. నేను బేరానికి దిగితే మా అమ్మ కూడా సిగ్గుపడుతుంది, అట్ల ఆడినా. ఆయన నవ్వేసి, ఆలోచించి ఫోన్ చేస్తాలెండి అని పొయ్యినాడు.

మా ఆయన వదినను అడిగినాడు, ఏమ్మా మగ్గం ఎప్పుడు ఇప్పుదాం అని. మగ్గం మీద ఉన్న పడుగు అయిపోనీరా, మధ్యలో ఎట్ల కోసేది అనింది ఆమె. అదీ నిజమే. పడుగంటే మగ్గం పొడుగునా పరిచిన నిలువు దారాలు, ఒక పడుగుకు మూడు చీరలన్నా వస్తాయి. అది కోసేస్తే షావుకారు పట్టంతా దండగ. పడుగు అయిపొయ్యేదాకా ఆగుదామని అందరం ఒప్పుకున్నాం. ఆఖరి చీర సగంలో ఉండాది, ఇంకెంతసేపు అనుకున్నా.

ఈలోపల మూడో రేటు కూడా చూద్దామని కుప్పం పొయ్యినా. ఆడొకాయన రేకులేస్తాడు, చవగ్గా చేస్తాడని ఎవరో చెప్పినారు. స్లాబు మన చేత కాకపోతే రేకులే గతి కదా. పలమనేరు మీదుగా బస్సులో పోయేటప్పటికి నా నడుం పడిపొయ్యింది. ఆయన తెలుగులో సగం అరవం. తను చేసిన పని చూపిస్తానని ఒక పట్టుపురుగుల షెడ్డు దగ్గరికి పిల్చుకొని పొయ్యినాడు. లోపలికి మాత్రం పోనీలేదు, పురుగులు మేపుతాండారు, బయటోళ్లు పోగూడదన్నాడు. పాత కప్పు తియ్యకుండా, గోడల బయట ఇనుప స్తంభాలు నిలబెట్టి, దాని పైన కొత్త రేకులేసి, ఆ తర్వాత పాత పెంకులు ఒక్కొక్కటే దించినాడంట. బాగుండాదప్పా అన్నా గానీ, నా మనసంతా స్లాబు మీదే ఉండాది. ఇంత దూరం వచ్చింది రేకులు చూడ్డానికా అని నన్ను నేనే తిట్టుకుంటా బస్సెక్కినా.

ఇంటికొచ్చి చూస్తే ముందుగదిలో మగ్గం వెనకాల ఇద్దరు ఆడోళ్లు కూచోని ఉండారు. వేళ్లకు బూడిద అద్దుకొని, అయిపోవచ్చిన పడుగు కొసలకు కొత్త పడుగు దారాల్ని ఒక్కొక్కటే మెలేసి అతికిస్తాండారు. అట్ల అతికిస్తే మగ్గం ఖాళీ అనేదే కాదు, పాతది పోతా పోతా కొత్తదాన్ని లాక్కొని వస్తుంది. వీధి గడప దాటని మా వదిన, నేను బస్సెక్కినాక తానే షావుకారు ఇంటికి నడిచిపొయ్యి కొత్త పడుగు తెచ్చుకునింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అతికేవాళ్లు పొయ్యేదాకా కూడా ఆగలేదు. అందరం కలిసి ఒప్పుకున్న మాట కాదా ఇది, నీ కోసమే కదా నేను ఊళ్లు పట్టుకొని తిరుగుతాండేది, నీ నెత్తిన నీళ్లు కారతాంటే చూడలేకనే కదా అని నోటికొచ్చినట్టల్లా అరిచినా. ఆ ఆడోళ్లు తల వంచుకొని దారాలు మెలేస్తానే ఉండారు. వదిన అంతా విని, గుంతలోంచి కాళ్లు తీసి, తాను కూచునే పలక మీదే నా దిక్కు తిరిగింది.

"స్లాబు మంచిదే మే, నేను కాదనలే. ఈ మగ్గం ఇప్పితే మళ్లా ఎత్తేది ఎవరు? మన వీధిలో ఇప్పినోళ్లు ఒక్కరన్నా మళ్లా ఎత్తినారేమో సూడు. ఈడ కూసున్నంతకాలం నేను ఈ ఇంట్లో పని సేసేదాన్ని. గుంత పూడిస్తే రేపట్నించి తినేదాన్ని."

"అట్లని నిన్ను ఎవరన్నారు వదినా?"

"ఎవరూ అనలే. అనకముందే సెప్తాండా."

మళ్లా ఎత్తిస్తాంలే అందామనుకున్నా. కానీ ఆ గదిలో టీవీ యాడ పెట్టాలో నేనూ మా ఆయనా అప్పటికే మాట్లాడుకొని ఉంటిమి. లోపలికి పొయ్యి చెంబు నీళ్లు తాగి, ఏడుపొస్తే ఏడిచినా. మా వదిన మీద జాలి కాదది. ఇన్నేండ్లూ ఆమె చేతికి అన్నం పెట్టింది నేనే కదా, ఆ ప్రతి ముద్దా లెక్కేసుకొని తినిందా ఈమె అని.

మరుసట్రోజు కుప్పం ఆయనకు ఫోన్ చేసినా. లోపల ఏదీ కదిలించకుండా ఏస్తావాప్పా అని అడిగినా. పురుగుల్నే కదపలేదుమా, మగ్గాన్ని యాల కదుపుతా అన్నాడు. మగ్గం నెత్తిన చీర డిజైను తీసే జకార్డు పెట్టె ఉంటుంది, దాని పైన బాగా ఎత్తు వదలమన్నా. మా ఆయనకు సాయంత్రం చెబితే, స్లాబు స్లాబని నా చెవులు కొరికింది నువ్వే కదా అని నోరు తెరిచినాడు. రేకులే అన్నా. ఆయన నా ముఖం చూసి, సరే అడ్వాన్సు ఎంతియ్యాల అన్నాడు.

స్తంభాలకు గుంతలు తవ్వే రోజే పుంగనూరు ఆయన ఫోన్ వచ్చింది. బాగా ఆలోచించినానమ్మా, మీరు అడిగిన రేటుకే స్లాబు ఏస్తా, గది ఖాళీ చేసి పెట్టండి చాలు అన్నాడు. నేను అడిగిన రేటుకే. పైకి మెట్లు కూడా అందులోనే కట్టిస్తాడంట. వాకిట్లో నిలబడి వింటాండా. లోపల మగ్గం చప్పుడు ఆగింది. మా వదినకు చెవులు పాము చెవులు, ఎవరు ఫోన్‌లో అనింది. గొంతులో భయం నాకు ఈడికి తెలుస్తాండాది.

ఆ గది ఖాళీ కాదప్పా, ఆడ మా వదిన ఉండాది అని మెల్లిగా చెప్పి పెట్టేసినా. మిద్దె మీద నాకు ఆశ చావలేదు, అబద్ధమెందుకు చెప్పాల.

"ఎవరో లే వదినా," అన్నా, "రాంగ్ నంబరు. నువ్వు నెయ్యి."