కొత్తూరుకు పోయిన మామ

మొన్న కృష్ణగిరి ఫ్లైఓవర్ దగ్గర ఫోన్‌లో మ్యాప్ మమ్మల్ని పక్క రోడ్డులోకి దించి, ఊరంతా తిప్పి, మళ్ళీ అదే ఫ్లైఓవర్ కిందికి తెచ్చి నిలబెట్టింది. మా ఆవిడ దాన్ని తిట్టిపోస్తుంటే నాకు నవ్వొచ్చింది. "దోవ తప్పితే నవ్వే మనిషిని ఈడే చూస్తా ఉండా" అంది. నవ్వింది నేనే గానీ, కళ్ళ ముందు నిలిచింది మాత్రం మా మేనమామ, ఆయన జీపు.

హోసూరు పక్కన ఉన్న పొలం లేఅవుట్ అయిపోయాక మామ జీపు కొన్నాడు. ఫోన్లలో మ్యాపులు ఇంకా మా దాకా రాని రోజులవి. ఎవరో చెప్పారని బెంగుళూరు నుంచి జీపీఎస్ మిషన్ ఒకటి తెచ్చి అద్దానికి అతికించాడు. మామ కోపం ఊరందరికీ తెలిసిందే. తిరగని మోటారును సమ్మెటతో కొట్టి ముక్కలు చేశాడు. నీళ్ళ వంతు దగ్గర ఎదురు మాట్లాడిన దాయాది చెయ్యి విరిచాడు. అత్త వీపు మీద వాతలు అందరూ చూసేవాళ్ళు, ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఆయనకు భయపడకుండా మాట్లాడే ఆడగొంతు ఆ మిషన్‌లోని ఇంగ్లీషు ఆయమ్మది ఒక్కటే. "మా తాత కాలం నుంచీ ఈడ తిరుగుతా ఉండాము, నాకు చెప్తావా?" అని పళ్ళు కొరికేవాడు. ఆమె తొణక్కుండా ఎడమకు తిరగమనేది. ఒకసారి పిడికిలితో గుద్దాడు. అద్దం మీద చీలిక పడింది, గొంతు మాత్రం మారలేదు. అయినా మామ ఆమెను ఏనాడూ నమ్మలేదు. పుట్టినప్పటి నుంచీ పోయొచ్చే ఉద్దనపల్లికి కూడా టీకొట్టు దగ్గర ఆపి, "అప్పా, ఇట్లే పోవాల గదా?" అని అడిగి తీరేవాడు. ఇంగ్లీషు అక్షరాలు ఆయనకు రావు కాబట్టి అందులో ఊరి పేరు ఎక్కించే పని నాది.

మామ కూతురు నాకు వరస. పెద్దవాళ్ళు ఎప్పుడో అనుకున్న సంబంధం. ఆ పిల్ల ఒక పొద్దున, నాతోపాటు కంపెనీలో పనిచేసే కుర్రాడితో వెళ్ళిపోయింది. వాడిది మా కులం కాదు. మామ మొదట అత్తను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చి కొట్టాడు. తర్వాత వాడి స్నేహితుణ్ణి కంపెనీ గేటు దగ్గర పట్టుకుని ముఖాన్ని గోడకేసి బాదాడు. రక్తంతోపాటు వాడి నోట్లోంచి, "కొత్తూరు... వాళ్ళక్క ఇల్లు" అన్న మాట వచ్చింది. అంతే, కూలబడిపోయాడు. మామ కొడవలి తెచ్చి సీటు కింద తోసి, నన్ను ఎక్కమన్నాడు.

"పెండ్లాం కావాల్సింది నీకురా. రోషం నీకుండాల. ఇద్దర్నీ నరికినాకే నేను ఊర్లో తల ఎత్తేది. ఆ ఊరు ఎక్కించు."

మా సీమలో కొత్తూర్లకు కొదవ లేదు. అక్షరాలు కొట్టగానే వరసగా వచ్చి నిలబడ్డాయి. వాళ్ళు ఉన్న కొత్తూరు ఏదో నాకు తెలుసు. డెంకణికోట దాటి అడవి అంచున ఉంటుంది. ఒక ఆదివారం ఆ కుర్రాడితో పోయి, వాళ్ళక్క చేతి రాగిముద్ద తిని వచ్చాను. ఏనుగులు తొక్కిన చేను కూడా చూపించిందామె. నాకు బాధ లేదని చెబితే అది అబద్ధం. ఆ పిల్ల నాదే అనుకుని పెరిగినవాణ్ణి. నా వేలు కాసేపు ఆ కొత్తూరు మీదే ఆగింది. ఆగినంతసేపూ నా కాళ్ళకు కొడవలి తగులుతూనే ఉంది. చివరికి వేరే దిక్కున, దూరంగా ఊత్తంగరై అవతలున్న కొత్తూరు నొక్కాను.

వేరే రోజైతే మొదటి టీకొట్టు దగ్గరే నా గుట్టు బయటపడేది. కానీ దోవ అడిగితే, ఎవరింటికప్పా, ఏం పని అంటారు. కూతురు లేచిపోయిందని ఏ నోటితో చెబుతాడు? పరువు కోసం నరకడానికి పోయేవాడు దోవ అడిగితే ఆ పరువే పోతుంది. అందుకని మామ, జన్మలో మొదటిసారి, ఆయమ్మ ఎటు తిరగమంటే అటు తిరిగాడు. కృష్ణగిరి దాటాక, "ఇంత దూరమారా?" అన్నాడు. "మిషన్ చూపిస్తా ఉంది మామా" అన్నాను.

మంచి ఎండలో ఆ ఊరు చేరాం. మామ కొడవలి తీసుకుని దూకి, ఎదురుగా మూసున్న తలుపును తన్నాడు. "యాడ్రా వాళ్ళు?" అని విసిరిన వేటు ద్వారబంధంలో దిగి ఇరుక్కుపోయింది. ఆయన దాన్ని లాగుతుంటే లోపలున్న ముసలమ్మ రోకలి ఎత్తి మణికట్టు మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు జీపు దాకా వినిపించింది. దొంగలు దొంగలంటూ తమిళంలో కేకలు లేచాయి. కట్టెలు పట్టుకుని జనం వచ్చి ఇద్దర్నీ కరెంటు స్తంభానికి కట్టేశారు. నా ముందు పన్ను ఊడింది అక్కడే. మామ చెవి చీలి మెడ మీదుగా రక్తం కారుతోంది. ఎవరు మీరు, ఏం పని మీద వచ్చారని ప్రతి దెబ్బకూ అడిగారు. కూతుర్ని వెతుక్కుంటూ వచ్చానని ఒక్క మాట అంటే ఆపేవాళ్ళేమో. మామ దెబ్బలన్నీ తిన్నాడు గానీ ఆ మాట మాత్రం అనలేదు. చివరికి ఊరి పెద్దాయన ఎవరో అడ్డం పడి మమ్మల్ని ఆసుపత్రికి పంపాడు. మేము కట్లు కట్టించుకుని హోసూరు చేరేసరికి వాళ్ళిద్దరూ దండలు మార్చుకుని, పోలీసుల రక్షణ తీసుకుని ఉన్నారు.

మామ కుడిచెయ్యి మళ్ళీ పిడికిలి పట్టలేదు. అత్త ఆయనకు ముద్దలు కలిపి పెట్టేది. పెట్టేటప్పుడు ఆమె చెయ్యి వణకడం మానేసిందని నేను గమనించాను. ఒకరోజు ఆమె లోపలికి పోయాక మామ నన్ను దగ్గరికి పిలిచాడు.

"ఆ దినం తప్పు చూపించింది మిషనా, నువ్వా?"

"మిషనే మామా."

"ఇంగ్లీషు రాకపోయినా తమిళం బోర్డులు చదువుతానురా నేను. పిల్లను తీసుకుపోయినోని యాస డెంకణికోట దిక్కుదని నాకూ తెలుసు."

"మరి బండి తిప్పలేదేం మామా?"

ఆయన ముడవని కుడిచేతిని ఎడమచేత్తో ఒళ్ళోకి లాక్కున్నాడు. "ఆయమ్మ తిరగమనలేదు గదరా" అన్నాడు.

అంతకు మించి ఆయన ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. దోవలో ఊరికే పోయిందనుకున్న ఆ ఒక్క పూట, ఇప్పుడు వాళ్ళిద్దరి కూతురై, అచ్చం మామ ముక్కుతో, రెండు జడలు వేసుకుని, డెంకణికోట బడికి పోతోంది.