మంగళం లేని గాజులమ్మ

నెల్లికుదురు చుట్టుపక్కల గాజులమ్మ యక్షగానం అంటే వీరస్వామి మేళమే. కథ కట్టింది వాళ్ల తాత, ఊరూరా పాడింది నాయిన, ముప్పై ఏళ్లు హార్మోనియం ముందు కూర్చుని నడిపింది ఇతను. ఇప్పుడు డెబ్బై రెండు దాటాయి. నాలుగు చరణాలకే ఆయాసం వస్తుంది. అయినా జనగామ కాలేజీలో పాఠాలు చెప్పే భవ్య, రికార్డు చేసే మిషన్ పట్టుకొచ్చి పొద్దున్నే వాకిట్లో కూర్చుంది.

ఆయనకు విసుగొచ్చింది. ఎన్నిసార్లని పాడాలి? మొదట రేడియో వాళ్లొచ్చి గంటలో ముగించమన్నారు. తెల్లవార్లూ ఆడే ఆటను గంటకు ఎలా కుదించాలో ఆ దేవుడికే తెలియాలి! తర్వాత జనగామ దుకాణదారు ఒకాయన నాలుగు క్యాసెట్లు చేయించాడు. పెళ్లిళ్లలో, ట్రాక్టర్ల మీద అవి మోగని ఊరు లేదు. ఆ మోతే మేళం కొంప ముంచింది. మీట నొక్కితే గాజులమ్మ పాడుతుంటే, పన్నెండు మందిని పిలిచి అన్నం పెట్టి ఆట ఎవరు ఆడిస్తారు? ఆపైన భూపాలపల్లిలో సీడీ. ఇప్పుడు ఈ పిల్ల.

"తాతా, అన్ని విన్న. ఒక్కదాంట్ల గూడ ఆఖరి మంగళం లేదేంది?" అని అడిగింది భవ్య.

ఎలా ఉంటుంది? ఆట పూర్తిగా ఆడి, ఊరివాళ్లు హారతి పట్టాకే మంగళం పాడాలని తాత పెట్టిన కట్టడి. ఊరికే పాడితే మేళం ఆగిపోతుందట. అందుకే మిషన్ ముందు ఎప్పుడు పాడినా, మంగళం దగ్గరికి రాగానే వీరస్వామి హార్మోనియం మూసేసేవాడు. వంత పాడే మొగిలి పోయిన వానాకాలం చనిపోయాక, ఆ పాట వచ్చినవాడు ఈయన ఒక్కడే మిగిలాడు.

"పాడకుంటే నీతోనే పోతది గద తాతా."

"పోతే పోనీ. నాయినకు మాటిచ్చిన. మేళం ఆగిపోతది."

చాయ్ తెచ్చిన భార్య వీరమ్మ గ్లాసు కింద పెట్టింది.

"ఏడున్నదయ్యా మేళం? మద్దెల దూలానికి ఏలాడవట్టి ఆరేండ్లాయె. ఏషాల పెట్టెను ఎలుకలు కొట్టె. ఎవలకోసం నీ మాట?"

వీరస్వామికి కోపం వచ్చింది గానీ నిలవలేదు. కోప్పడే ఓపిక కూడా లేదు. ఆమె చెప్పింది ఆయనకు తెలియనిదా? మంగళం పాడనంత కాలం మేళం ఉన్నట్టేనని ఆరేళ్లుగా తనను తాను మభ్యపెట్టుకుంటున్నాడు. 

"జర హారతి పళ్లెం తే" అన్నాడు చివరికి.

కర్పూరం లేదు. వీరమ్మ నూనె వత్తి వెలిగించి, ఊరివాళ్లందరి బదులు తనే పట్టుకు నిలబడింది. ఆయన హార్మోనియం తెరిచి పాడాడు. మూడో చరణంలో గొంతు వణికింది, చివరి మాట సగమే పలికింది.

భవ్య కళ్లు తుడుచుకుని మిషన్ వైపు చూసింది. "తాతా, ఆఖరికి గొంతు అందలే. ఒక్కసారి మళ్ల పాడుతవా?"

వీరస్వామి హార్మోనియం మూసి, మీద గుడ్డ కప్పాడు.

"మంగళం రెండుసార్లు పాడరు బిడ్డా. ఆట అయిపోయింది."