తోమిన తుపాకీకి ధర

ధర చెప్పడం మా ఆయనకు ఒక జబ్బు. ఎవరింటికి భోజనానికి వెళ్ళినా సోఫా మీద చెయ్యి వేసి, ఇది ఎంతకు తీసుకున్నారని అడిగేదాకా ఆయనకు ముద్ద దిగదు. వాళ్ళు చెప్పిన అంకె విని తల అటూ ఇటూ ఊపుతాడు. నేను బల్ల కింద ఆయన కాలు తొక్కుతూ ఉంటాను. లోకం ఎట్లాంటిదంటే, అదే మనుషులు పాత కారు కొనాల్సి వస్తే మళ్ళీ ఈయనకే ఫోను చేస్తారు. మా ఆక్లండ్ శివార్లలో టకానిని నుంచి పాపకూరా దాకా ఏ తెలుగువాడి ఇంటి ముందు జపాను నుంచి దిగిన సెకండ్‌హ్యాండ్ కారు కనిపించినా, దాని ధర మొదట మా ఆయన పాండురంగ నోటి నుంచి వచ్చిందే.

అది వాళ్ళ నాన్న ఇచ్చిన ఆస్తి. మా మామగారు ఆదోని పత్తి మార్కెట్లో దలాలీ చేసేవారు. దూది చిటికెడు లాగి, రెండు చేతుల వేళ్ళతో సాగదీసి చూసి ధర చెప్పేవారట. రైతూ సరే అనేవాడట, మిల్లువాడూ సరే అనేవాడట. ఇద్దరూ ఒప్పుకుంటేనే అది ధర, ఒక్కడే సంతోషపడితే మోసం అని ఆయన అన్న మాటను ఈయన నాకు అన్నంతో పాటు వడ్డిస్తుంటాడు. తండ్రి విద్యకు ఈయన సొంతంగా కలుపుకున్నది ఒకటుంది. అమ్మేముందు తోమాలి. వారమంతా రైలెక్కి సిటీకి వెళ్ళి సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మనిషి, శనివారం వచ్చిందంటే లుంగీ ఎగగట్టి ఎవరిదో కారు మా గరాజు ముందు పెట్టుకుని పాలిష్ పడుతూ ఉంటాడు. "తోమిన చెంబుకే గిరాకీ" అంటాడు. మన ఇంటి చెంబులు తోమేది మాత్రం నేను.

ఇలాంటివాడికి తుపాకీ పిచ్చి అంటించినవాడు కాలిన్. రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన ముసలాయన, పట్టాలకు అవతల పాత చెక్క ఇంట్లో ఉండేవాడు. ఈయన ఒకసారి ఆయన కారు మంచి ధరకు అమ్మిపెట్టాడు. ఆ స్నేహంతో కాలిన్ ఈయన్ని తన పిస్టల్ క్లబ్బుకు తీసుకెళ్ళాడు. అట్ట మీద గీసిన చుక్కను కాల్చడంలో ఏం సుఖముందో నాకు తెలియదు కానీ, ఈయనకు అదో లోకమైపోయింది. లైసెన్సు కావాలి, ఇనప్పెట్టె కావాలి అన్నాడు. నేను మొత్తుకున్నాను. కర్నూలు జిల్లా నుంచి ఇంత దూరం వచ్చింది తుపాకీ కొనడానికా, మనమేమన్నా ఫ్యాక్షనిస్టులమా అన్నాను. వింటేగా. లైసెన్సు ఇచ్చేముందు పోలీసాయన ఇంటికి వచ్చి, భార్యనని నన్ను విడిగా కూర్చోబెట్టి, మీ ఆయన కోపిష్టా అని అడిగాడు. ఈ ఇంట్లో కోపం నా శాఖ, ఆయనకు ఆ పాటి రోషం కూడా లేదని ఉన్న మాట చెప్పాను. ఆయన నవ్వి రాసుకుని పోయాడు.

కాలిన్ 2006 చలికాలంలో గుండెపోటుతో పోయాడు. భార్య మార్గరెట్ ఒక్కతే మిగిలింది. ఆవిడకు తుంటి కీలు అరిగిపోయింది. వంటింటి నుంచి వీధి తలుపు దాకా రావడానికి గోడ పట్టుకోవాలి. ప్రభుత్వాసుపత్రిలో పేరు రాయించింది కానీ వంతు ఎప్పుడొస్తుందో చెప్పేవాడు లేడు. ప్రైవేటులో చేయించుకుందామంటే దాచుకున్నదానికి ఇంకో తొమ్మిది వేల డాలర్లు తక్కువ. ఇంట్లో అంత విలువ చేసేది ఏదైనా ఉంటే అది కాలిన్ తాతగారి నాటి రివాల్వర్ ఒక్కటే. వందేళ్ళు దాటినది, ఒక్కో గుండు కాల్చే ముందు వెనకాల ఉన్న హ్యామర్‌ను బొటనవేలితో లాగి నిలపాల్సిన సింగిల్ యాక్షన్ రకం. లైసెన్సు లేని ఆవిడ దాన్ని ఇంట్లో ఉంచుకోకూడదు. అందుకని పోలీసు పర్మిట్ తీసుకుని మా ఇనప్పెట్టెలోకి చేర్చాడు ఈయన.

క్లబ్బులో ఒకడు రెండు వేలిస్తానన్నాడట. మార్గరెట్‌కు అనుమానం వచ్చింది. ఈయన్ని పిలిచి టీ ఇచ్చి, న్యాయమైన ధర ఎంతో నువ్వే చెప్పు పాండూ, నువ్వెంతంటే అంత అంది. ఇంకేముంది, మా ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది. అయితే ఆయనకు కాల్చడం తెలుసు కానీ పాత తుపాకుల సంగతి తెలియదు. ఆ మాట ఒప్పుకునే బుద్ధి మాత్రం అప్పటికి ఉంది. ఫొటోలు తీసి వెల్లింగ్టన్‌లో ఉండే గ్రాహం అనే ఆయనకు పంపాడు. ఆయన ఇలాంటివి సేకరిస్తాడు. ఫొటోలో ఉన్నట్టే ఉంటే తొమ్మిది వేలు ఇస్తానని, ఆక్లండ్ వచ్చినప్పుడు చూసి తీసుకుంటానని ఆయన జవాబు రాశాడు. ఈయన చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా పట్టాలు దాటి పరుగెత్తి ఆ మాట మార్గరెట్‌కు చెప్పి వచ్చాడు. ఆవిడ ఆ రోజే డాక్టరు దగ్గర ఆపరేషన్‌కు తేదీ అడిగింది.

ఈలోగా దసరా వచ్చింది. మా వైపు ఆయుధపూజ అంటే చిన్న సంగతి కాదు. ఆదోనిలో అయితే కత్తెర దగ్గర నుంచి లారీ దాకా అన్నీ కడిగి, తోమి, బొట్లు పెట్టాల్సిందే. మురికి పట్టిన పనిముట్టును అమ్మవారి ముందు పెడితే ఆ ఏడంతా అరిష్టమని మా అత్తగారు అనేవారు. నవమికి ముందు రోజు నేను వంటింట్లో చింతపండు పెట్టి ఇత్తడి దీపాలు తోముతున్నాను. ఈయన గరాజులో తలుపు వేసుకుని కూర్చున్నాడు. కారు తోముతున్నాడనుకున్నాను. సాయంత్రం పిలిచి చూపించాడు. గోధుమ రంగు తిరిగి, అక్కడక్కడ నీలం మిగిలి ఉండే ఆ తుపాకీ కొత్త వెండి గిన్నెలా మెరుస్తోంది. సన్నటి ఉక్కుపీచుతో రుద్ది, కారు పాలిష్ పట్టాడట.

"తుప్పు మీదే తొమ్మిది అన్నాడు ఆయన. ఇప్పుడు పదకొండు అడుగుతా," అన్నాడు. "ఆపరేషన్ పోను, టౌరంగాలో కూతురి దగ్గరికి పోయిరానీకి కూడా మిగులుతుంది ఆమెకు."

నాకూ బాగానే కనిపించింది, అబద్ధమెందుకు. మర్నాడు అమ్మవారి పటం ముందు కారు తాళాలు, ఆయన లాప్‌టాప్, నా కుట్టుమిషను, వాటి పక్కన ఆ రివాల్వర్. పిడి మీద కుంకుమ బొట్టు పెట్టి, హారతిచ్చి, పూజ అవగానే ఇనప్పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

తరువాతి వారం గ్రాహం వచ్చాడు. పొడుగాటి మనిషి, తక్కువ మాట్లాడతాడు. ఈయన గుడ్డ విప్పి ముందు పెట్టాడు. ఆయన చెయ్యి చాపి మధ్యలో ఆపేశాడు. ఎవరు చేశారిది అని అడిగాడు. ఈయన ఇంకా నవ్వు ముఖంతోనే, నేనే అన్నాడు. గ్రాహం అరిచి ఉంటే నేనూ నాలుగు అనేదాన్ని. ఆయన అరవలేదు. కళ్ళజోడు పెట్టుకుని ఓపికగా చూపించాడు. మేము తుప్పనుకున్నది తుప్పు కాదట, వందేళ్ళ వయసు ఇనుముకు ఇచ్చిన రంగట. అది పోయింది. మిగిలిన నీలిపూత పోయింది. అంచులు మొద్దుబారాయి. గొట్టం మీద చెక్కిన అక్షరాలు అరిగాయి.

"కొత్తగా చేయడం ఎవరైనా చేస్తారు," అన్నాడు గ్రాహం. "పాతగా చేయడం ఎవరి వల్లా కాదు."

ఇప్పుడు దీని ధర మూడున్నర వేలు, అంతకంటే పైసా ఎక్కువ చెప్పలేను అన్నాడు. రెండు రోజులు ఊళ్ళోనే ఉంటాను, ఆలోచించుకోమని చెప్పి వెళ్ళిపోయాడు.

మా ఆయన గరాజులో పాలిష్ డబ్బా పక్కన బకెట్టు బోర్లించి దాని మీద కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే రాలేదు. నేను తిడదామనే వెళ్ళాను. నోటి నిండా మాటలు ఉన్నాయి. అందరి సొమ్ముకూ ధర కట్టే పెద్దమనిషీ, అడగకుండా దాన్నెందుకు ముట్టుకున్నావని అందామనుకున్నాను. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు.

"నాన్న ఎన్నడూ దూదిని కడగలేదే రాజీ. చూసినాడంతే."

నేను పక్కనే నేల మీద కూర్చున్నాను. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆయన కళ్ళలో నీళ్ళు చూడటం అదే మొదలు. చివరికి ఆయనే ఒక దారి చెప్పాడు. డిసెంబరులో ఇండియా వెళ్దామని దాచిన డబ్బుంది. దాన్ని కలిపి ఆవిడకు తొమ్మిది వేలూ ఇచ్చేద్దామన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా చెల్లెలి కూతురి పెళ్ళి ఉంది అప్పుడు. ఏడ్చాను, రెండు గిన్నెలు గట్టిగా పెట్టాను, ఆదోనిలో ఉన్న మామగారి ఫొటోను కూడా వదలకుండా తిట్టాను. తరవాత నేనే వెళ్ళి బీరువాలోంచి చెక్కు పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టాను. ఆవిడ గోడ పట్టుకుని నడవడం నేనూ చూశాను మరి.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. దారిలో నేను చెప్పాను, నిజం చెప్పనక్కర్లేదు, తొమ్మిది వచ్చిందని ఇచ్చేసి రండి అని. ఆయన తల ఊపాడు. తీరా ఆవిడ టీ తెద్దామని కుర్చీ చేతులు పట్టుకుని లేవబోతుంటే, కూర్చో మార్గరెట్ అని మొత్తం చెప్పేశాడు. పూజ సంగతి, పాలిష్ సంగతి, పదకొండు ఆశ సంగతి, ఏదీ దాచలేదు. ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది.

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ మెల్లగా, "తప్పు నాది, పాండూ," అంది. "కాలిన్ నన్ను దాని మీద దుమ్ము కూడా తుడవనిచ్చేవాడు కాదు. ఆ మాట నీకు చెప్పాల్సింది."

ఈయన చెక్కు తీసి, పెళ్ళి ప్రయాణానికి దాచిన డబ్బని కూడా చెప్పి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని చూసి, గ్రాహం ఎంతన్నాడని అడిగింది. మూడున్నర అన్నాడు ఈయన. ఆవిడ చెక్కును పక్కకు జరిపి ఈయన వైపు తిరిగింది.

"నీకు తెలియని మనిషి ఎవరో దీన్ని తెచ్చి అడిగితే, నువ్వెంత చెప్తావు?"

ఈయనతో ఒక్క అబద్ధం ఆడించు దేవుడా అని నేను మనసులో మొక్కాను. తొమ్మిది అంటే ఆవిడ నమ్మేది. ఆయన మాటంటే ఆవిడకు గురి.

"మూడున్నర," అన్నాడు.

"అయితే ధర అదే. నేను నిన్ను ధర అడిగాను. దానం అడగలేదు." ఆ చెక్కును మడిచి ఆయన చొక్కా జేబులో పెట్టి, జేబు మీద తట్టింది. నేను బతిమాలాను, ఇంగ్లీషు చాలక తెలుగులో కూడా బతిమాలాను. మీ వాళ్ళ పెళ్ళికి వెళ్ళిరా రాజశ్రీ అంది. మా ముందే ఫోను తీసి ఆపరేషన్ తేదీ రద్దు చేసింది. గ్రాహం పర్మిట్ తెచ్చుకుని రివాల్వర్ తీసుకెళ్ళాడు.

ఆ తరవాత మా ఆయన ఎవరికీ ధర చెప్పలేదు. విఠల్ అని కొత్తగా వచ్చిన కుర్రవాడు కారు చూపించి అడిగితే, నాకు తెలీదప్పా అని లోపలికి వచ్చేశాడు. భోజనాలకు వెళ్తే సోఫా వైపు కూడా చూడడు. నేను పెళ్ళి నుంచి తిరిగి వచ్చేసరికి పాలిష్ డబ్బాలన్నీ చెత్తలో వేసేశాడు. శనివారాలు మార్గరెట్‌ను సూపర్ మార్కెట్‌కు తీసుకెళ్ళి తీసుకొస్తాడు. ఆ పని చెయ్యమని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మళ్ళీ దసరా వచ్చింది. నేను బకెట్టు తీసుకుని కారు కడగబోతే, ఉన్నది ఉన్నట్టే ఉండనీ అని చేతిలోంచి లాక్కున్నాడు. బురద కారుకే బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. అప్పటికీ ఆసుపత్రి వరుసలో మార్గరెట్ వంతు రాలేదు. పులిహోర తినడానికి రమ్మంటే నాలుగు కాళ్ళ స్టాండు జరుపుకుంటూ వచ్చింది. కారును చూసి, ఈ ఏడు తోమలేదేం పాండూ అని నవ్వుతూ అడిగింది. ఆయన వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

మా గుమ్మానికి రెండే మెట్లు. ఆవిడ ఆ రెండూ ఎక్కేదాకా ఆయన తల ఎత్తలేదు.