దీవి వెనక మూడో మజిలీ

ఆ రోజుల్లో నాకు "తెలియదు" అనే మాట నోటికి వచ్చేది కాదు. తెలియనివి లేక కాదు, తెలియదంటే చిన్నతనమని. మస్కట్‌లో, వాడి కబీర్‌లో, పడవ ఇంజన్లు బాగుచేసే ఒక వర్క్‌షాపులో స్టోర్ కీపర్‌గా ఉండేవాణ్ణి. ఏ ఇంజన్‌కి ఏ ప్లగ్గు పడుతుందో, అది ఏ అరలో ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పేవాణ్ణి. పడవ మాత్రం ఒక్కసారి కూడా ఎక్కలేదు. మాది ఆర్మూర్ దగ్గర పల్లె. మా వైపు నీళ్ళంటే బోరు నీళ్ళే. (ఈత కూడా రాదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.) అయినా ఎవరైనా ఏం చేస్తున్నావని అడిగితే "పడవల లైన్లో ఉన్నాను" అనేవాణ్ణి. వినేవాళ్ళు నన్ను చుక్కాని దగ్గర నిలబెట్టి ఊహించుకుంటే అది వాళ్ళ ఇష్టమని వదిలేసేవాణ్ణి.

మా బావ తన కంపెనీలో పనిచేసే ఒక పెద్దాయన కూతురిని నాకు అడిగాడు. వాళ్ళది అమలాపురం వైపు. అమ్మాయి మాత్రం మూడో ఏటి నుంచి ఇక్కడే, ఘుబ్రాలో పెరిగింది. చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పేది. పెళ్ళిచూపులు వాళ్ళ ఫ్లాట్‌లో జరిగాయి. నేను తివాచీ మీది పువ్వులన్నీ చూశాను గానీ ఆమె ముఖం సరిగా చూడలేదు. ఆమె నన్ను చూసిందో లేదో తెలియదు, ఒక్క మాట కూడా అనలేదు. వాళ్ళ నాన్నగారు "చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" తేలాల్సింది అసలు ఆయన దగ్గర కాదని, విజిట్ వీసా మీద వచ్చిన అమ్మమ్మగారి దగ్గరని మా బావ కారెక్కాక చెప్పాడు. "ఆ ముసలమ్మ ఇంకో రెండు వారాలల్ల ఊరికి పోతది. పోయేలోపల నువ్వు నచ్చాలె. లేకుంటే ఇగ మర్చిపో" అన్నాడు. నేను అప్పటికే మర్చిపోలేని స్థితిలో ఉన్నాను. ముఖం చూడకుండానే ఎలాగని అడగకండి, ఆ వయసులో గాజుల చప్పుడు చాలు.

అందుకే వాళ్ళ నాన్నగారు ఫోన్ చేసి "పడవల లైన్లో ఉన్నావంటగా, మా అత్తయ్యగారిని ఓసారి సముద్రం మీద తిప్పగలవా" అన్నప్పుడు "దానిదేముంది అంకుల్" అనేశాను.

మా వర్క్‌షాపుకి ఒక నాఖుదా వచ్చేవాడు. నాఖుదా అంటే పడవ నడిపే పెద్ద. సువైక్ వైపు మనిషి, గడ్డం నెరిసినవాడు, నాకంటే మంచి హిందీ మాట్లాడేవాడు. తండ్రి నాటి తెరచాప పడవ ఒకటి ఆయనకుండేది. సెలవు రోజుల్లో సవాదీ తీరాన, ఒడ్డుకు ఎదురుగా ఉండే దీవి చుట్టూ దాని మీద కుటుంబాలను తిప్పేవాడు. ఆయన్ని పట్టుకున్నాను. దీవి చుట్టూ ఎక్కడెక్కడ ఆగాలో నేనే కూర్చుని పథకం వేశాను. మొదటి మజిలీ కొండకు కన్నంపడ్డట్టుండే రాతి కమాను దగ్గర (నాన్నగారికి ఫోటోల పిచ్చి). రెండోది పక్షులుండే రాళ్ళ దగ్గర. మూడోది దీవి వెనక, ఒడ్డుకూ దీవికీ మధ్య, అలలు లేని నీళ్ళలో భోజనాలు (అమ్మమ్మగారికి నీడ, అమ్మాయికి గవ్వలు). నాలుగోది టీ. ఐదోది సూర్యాస్తమయం. పథకం విని నాఖుదా నవ్వి, "ఆ దీవిని చుట్టిరావడానికి గంట చాలు. నీ మజిలీలకి ఇంకో దీవి కావాలి" అన్నాడు.

రోజు కూడా ఆయనే చెప్పాడు. "వచ్చే శుక్రవారం పెట్టుకో. చందమామ సగం ఉంటాడు. ఆ రోజు సముద్రం పెద్దగా ఎక్కదు, పెద్దగా దిగదు. దీవి వెనక నీళ్ళు రోజంతా ఉంటాయి. ఎంతసేపు కావాలంటే అంతసేపు కూర్చోండి."

ఆ మాట మోసుకుని ఘుబ్రా వెళ్ళాను. అమ్మమ్మగారు వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టి, "అష్టమి పడిందయ్యా. అష్టమి పూట ప్రయాణమేంటి, అందులోనూ శుభమా అని ఓ సంబంధం మాట్లాడుకుంటూ?" అన్నారు. ఆ "సంబంధం" అన్న మాట వినపడ్డాక నాకింకేమీ వినపడలేదు. "పై శుక్రవారం నిండు పౌర్ణమి. చల్లగా వెన్నెల్లో తిరిగొద్దాం. ఏమంటాడు మీ పడవాయన?" అన్నారు. పడవాయనను అడగకుండానే, "పౌర్ణమి అయితే ఇంకా బ్రహ్మాండం అన్నాడు అమ్మమ్మగారూ" అన్నాను. నాఖుదా దగ్గరకెళ్ళి, ఈ శుక్రవారం అందరికీ డ్యూటీ పడింది, పై శుక్రవారం వస్తామన్నాను. ఆయన, "సరే, రండి. కానీ నిండు చందమామ రోజున మధ్యాహ్నం దాటితే దీవి వెనక నీళ్ళు పూర్తిగా వెళ్ళిపోతాయి. అక్కడ తిని, వెంటనే లేవాలి" అన్నాడు. "మాఫీ ముష్కిల్" అన్నాను. ఏ ఇబ్బందీ లేదని చెప్పడానికి అరబ్బీలో నాకు బాగా వచ్చిన మాట అదొక్కటే.

పౌర్ణమి శుక్రవారం పొద్దున సముద్రం ఒడ్డు నిండా ఉంది. అమ్మాయి తల్లికి ఆసుపత్రిలో డ్యూటీ ఉండటంతో రాలేదు. మిగిలిన ముగ్గురూ, నేనూ, నాఖుదా. తెరచాప గాలికి నిండగానే అమ్మమ్మగారు "అబ్బ, మా గోదాట్లో లాంచీ కంటే మెత్తగా పోతందే" అన్నారు. నేను ఒక చేత్తో పడవ అంచు, ఇంకో చేత్తో కూర్చున్న బల్ల పట్టుకుని, చూసేవాళ్ళకు ధీమాగా కనపడేట్టు కూర్చున్నాను. కమాను దగ్గర నాన్నగారు ఫోటోలు తీశారు. పక్షుల దగ్గర ఆగాం. తర్వాత దీవి వెనక్కి వచ్చాం. నీళ్ళు గాజులా ఉన్నాయి. ఇసుక మేటకు పడవ ఆనించి, నీడలో చాప పరిచి, పులిహోర, వడియాలు, పెరుగన్నం తిన్నాం. నాన్నగారు తిని, ముఖం మీద టోపీ పెట్టుకుని గుర్రుపెట్టడం మొదలెట్టారు. అమ్మమ్మగారు తమ పెళ్ళిలో విడిది ఇంటికి బదులు పక్కింటికి వెళ్ళి కూర్చున్న మగపెళ్ళివారి సంగతి చెబుతున్నారు. అమ్మాయి కొంచెం దూరంలో గవ్వలు ఏరుతోంది. ఏరుతూ ఏరుతూ తలెత్తి, నా వైపు చూసి, నవ్వింది.

సరిగ్గా అప్పుడు నాఖుదా వచ్చి హిందీలో, "నీళ్ళు దిగుతున్నాయి. యల్లా, పదండి, లేవాలి" అన్నాడు.

నేను అమ్మమ్మగారి వైపు చూశాను. "ఏమంటన్నాడు నాయనా?" అన్నారావిడ. లేవాలంటే కథ ఆగిపోతుంది, నాన్నగారు నిద్రలేస్తారు, గవ్వలేరడం అయిపోతుంది, ఆ నవ్వు మళ్ళీ వస్తుందో రాదో తెలియదు. "తొందరేం లేదంటున్నాడండీ, నింపాదిగా కూర్చోమంటున్నాడు" అన్నాను. అంతటితో ఆగానా, నాఖుదా వైపు తిరిగి, "ముసలావిడకు మోకాళ్ళ నొప్పులు, కాసేపు ఆగితే మంచిది" అని హిందీలో చెప్పాను. ఆయన ముఖం మెత్తబడింది. పడవలోకి వెళ్ళి తన దిండు తెచ్చి, మర్యాదగా ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాడు. అమ్మమ్మగారు మురిసిపోయి, "ఎంత మర్యాదస్తుడయ్యా" అన్నారు. అది విని కూడా నేను లేవలేదు. నాఖుదా మళ్ళీ వచ్చి చెప్పాడు, మళ్ళీ మోకాళ్ళే అడ్డంపెట్టాను. ఆ మూడో మజిలీ పొడుగెంతో నాకు ఇప్పటికీ తెలియదు. అంత సంతోషంగా అంతకుముందు ఎక్కడా కూర్చోలేదని మాత్రం తెలుసు.

పడవ చిన్నగా మూలిగి ఒక పక్కకు ఒరిగింది. ఆ చప్పుడుకి నాన్నగారు లేచి చూస్తే చుట్టూ సముద్రం లేదు. తడి ఇసుక, అక్కడక్కడ మడుగులు, ఎండ్రకాయలు. ఒడ్డు నుంచి దీవికి జనం నడిచి వస్తున్నారు. పిల్లలు బంతి ఆడుకుంటున్నారు. ఒకామె బిడ్డను చంకనెత్తుకుని మా పడవ చుట్టూ తిరిగి చూసి వెళ్ళింది. సెలవు రోజని షికారుకొచ్చిన, బిల్డింగ్ సైట్లలో పనిచేసే కుర్రాళ్ళు నలుగురు ప్యాంట్లు మడుచుకుని వస్తూ, మా తెలుగు విని ఆగారు. అందులో ఒకడు మా జిల్లావాడే అయ్యుండాలి.

"అన్నా, పడవ ఖరాబయిందా? నూకాల్నా?"

"వద్దు తమ్మీ."

"గింత దూరానికి పడవెందుకన్నా? మేం నడుసుకుంటనే వస్తిమి."

వాళ్ళు నవ్వుకుంటూ దీవి ఎక్కారు. నాన్నగారు ముఖం గంటు పెట్టుకున్నారు. నాఖుదా దగ్గరకెళ్ళి హిందీలో గట్టిగానే అడిగారు. "ఏమయ్యా, ఇన్నేళ్ళుగా పడవ నడుపుతున్నావు, నీళ్ళు పోతాయని ముందుగా చెప్పొద్దా? పెద్దావిడ ఉంది, ఆడపిల్ల ఉంది." నాఖుదా ఆయన్ని చూశాడు, నన్ను చూశాడు. తడి ఇసుకను కాలి బొటనవేలితో గీస్తూ నిలబడ్డాడు. ఆయన ఒక్క మాటంటే నా సంగతి తేలిపోతుంది. అనకపోతే నేను బతికిపోతాను, ఆయన పేరు పోతుంది. నా కోసం ఆయన ఆ మాట మింగుతున్నాడని అర్థమైంది. వాళ్ళ ముందు అప్పటిదాకా జాగ్రత్తగా మాట్లాడిన పుస్తకాల తెలుగు ఎటుపోయిందో తెలియదు, నా ఊరి మాటే నోట్లోంచి వచ్చింది.

"ఆయన జెప్పిండు అంకుల్. ఒక్కసారి గాదు, మల్ల గూడ జెప్పిండు. నేనే మీకు జెప్పలే. ఆయనకేమో అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులని జెప్పిన. మొన్న పౌర్ణమి మంచిదన్నడని గూడ నేనే కల్పించిన. ఆయన అష్టమి నాడే రమ్మన్నడు."

"ఎందుకు?" అన్నారు నాన్నగారు.

అమ్మాయి నవ్వు కోసమని ఆమె తండ్రితో ఎలా చెప్పను? సంబంధం ఆ ఇసుకలోనే కూరుకుపోయిందని నిశ్చయమైపోయింది. అప్పుడు వెనక నుంచి అమ్మాయి గొంతు వినపడింది. గుప్పిట నిండా గవ్వలతో నిలబడి ఉంది.

"నాకూ వినపడింది నాన్నా."

"ఏంటి వినపడింది?"

"ఆ తాతగారు హిందీలో లేవాలన్నది. ఈయన అమ్మమ్మకి ఇంకోలా చెప్పింది. రెండుసార్లూ విన్నాను."

"మరి నువ్వెందుకు చెప్పలేదే?"

ఆమె గవ్వల్లోంచి ఒకదాన్ని తీసి, దాన్నే పరిశీలనగా చూస్తూ ఉండిపోయింది. మస్కట్‌లో హిందీ మాటల మధ్య పెరిగిన పిల్లకు హిందీ వస్తుందని అంతవరకు నాకు తట్టనే లేదు. ఎన్ని తెలివితేటలు ఉపయోగించానో, అవన్నీ ఆమె వింటూనే గవ్వలు ఏరుకుందన్నమాట.

ఇక చేసేదేం లేక నడిచాం. అమ్మమ్మగారు ఒక చేయి నాకూ, ఒక చేయి నాఖుదాకూ ఇచ్చి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, మడుగులు దాటారు. ఆవిడ మోకాళ్ళు నా మోకాళ్ళ కంటే గట్టివి. నడుస్తూ నడుస్తూ ఆగి, నాఖుదాకు తన వేళ్ళు చూపించి, ఆకాశం చూపించి, కణుపుల మీద లెక్కపెట్టారు. ఆయనా తన వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించాడు. ఇద్దరికీ భాష కలవలేదు గానీ చందమామ లెక్క కలిసింది. "అష్టమే మంచిదంటన్నాడు కదయ్యా ఈయన నీళ్ళకి. నేనే మొండికేశాను. నన్నొకసారి కాదనాల్సింది నువ్వు" అన్నారు నాతో. ఆవిణ్ణి కాదనే ధైర్యమే ఉంటే నా బతుకులో ఆ శుక్రవారమే ఉండేది కాదు.

ఒడ్డున చాప వేశాం. నాన్నగారు సముద్రం వైపు ముఖం తిప్పి కూర్చున్నారు, పలకరించే వీల్లేకుండా. నేను టీలు తెచ్చి అందరికీ ఇచ్చి, దూరంగా నిలబడ్డాను. ఎదురుగా నీళ్ళలోంచి చందమామ వచ్చాడు, రాగి పళ్ళెంలా. అమ్మమ్మగారు టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అందరికీ వినపడేట్టే అన్నారు.

"అల్లుడుగారూ, మీ పెళ్ళి కుదరకముందు మీరోసారి మా ఇంటికొచ్చి, ఆఖరి బస్సు తప్పిపోయిందని రాత్రికి ఉండిపోయారు, గుర్తుందా?"

"ఎప్పటి మాటో ఇప్పుడెందుకండీ అత్తయ్యగారూ."

"ఆ బస్సు మా గుమ్మం ముందే ఆగింది. కండక్టరు కేకేశాడు కూడాను. నేను వీధిలోనే నిలబడ్డాను."

నాన్నగారి చెవులు చందమామ రంగులోకి వచ్చాయి. తర్వాత నా వైపు తిరక్కుండానే, "నిలబడ్డావేం, కూర్చో. టీ చల్లారిపోతుంది" అన్నారు. ఆ "కూర్చో"లో ఏముందో నాకు పూర్తిగా అర్థం కావడానికి ఇంటికి వెళ్ళి మా బావతో మూడుసార్లు చర్చించాల్సి వచ్చింది.

నీళ్ళు తిరిగొచ్చాక నాఖుదాతో కలిసి పడవను నెట్టాను. మొలలోతు నీళ్ళలో నిలబడి క్షమించమని అడిగితే ఆయన నా వీపు మీద తడి చేత్తో ఒక్కటిచ్చి, "మరోసారి మోకాళ్ళు నొప్పంటే నీవే అని చెప్పు" అన్నాడు. అంత మంచి మనిషిని అంత చులకనగా వాడుకున్నందుకు సిగ్గు ఇప్పటికీ ఉంది. ఆయన, అమ్మమ్మగారు, మా మామగారు, నన్ను సాగనంపడానికి ప్రతి ఒక్కరి దగ్గరా మంచి కారణమే ఉండి కూడా కూర్చోనిచ్చారు. ఆ కృతజ్ఞత ఎవరికి, ఏ భాషలో చెప్పాలో తెలియక ఇలా రాస్తున్నాను.

ఆ రోజు ఎందుకు ఊరుకున్నావని మా ఆవిడను చాలాసార్లు అడిగాను. గవ్వలు ఇంకా చాల్లేదంటుంది, అమ్మమ్మ కథ సగంలో ఉందంటుంది, ఎప్పటికప్పుడు కొత్త కారణం చెబుతుంది. నేనైతే పూర్తిగా మారిపోయాను. ఇప్పుడు ఏ ఒడ్డుకెళ్ళినా ఆటుపోట్ల వేళలు ఫోన్లో చూసుకుని, అందరికంటే ముందు లేచి, చాప మడుస్తూ "పదండి, పదండి" అనేది నేనే. పిల్లలు విసుక్కుంటారు. మా ఆవిడ లేవకుండా అలాగే కూర్చుని, ఇసుకలో వేళ్ళతో ఏదో వెతుకుతూ, "తొందరపడని మనిషని చేసుకున్నాను" అంటుంది. చాప సగం మడిచి నేను కూడా కూర్చుంటాను.