ఉయ్యూరులో ఐదు గ్రీకు పంక్తులు

ప్రాచీన గ్రీకు, రోమన్ కావ్యాలను ఇంగ్లీషు అనువాదాల్లో చదవడం నాకు మూడేళ్లుగా అలవాటు. పరీక్ష కోసమేం కాదు. గవర్నర్‌పేటలో ఆడిటరు ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, వంట అయ్యాక ఓ గంట హాయిగా చదువుకోవడం, అంతే. చదివేకొద్దీ ఆ పద్యాలు అసలు భాషలో చెవికి ఎలా ఉంటాయో వినాలనిపించింది. ఫోన్‌లో విన్నాను గానీ తృప్తి కలగలేదు. ఎవరైనా ఎదురుగా కూర్చుని చదవాలి. ఆ మాటంటే మా ఆఫీసులో స్టెల్లా, "మా పెదనాన్నగారు రిటైరైన పాస్టరు. బైబిల్ కాలేజీలో గ్రీకు నేర్చుకున్నారు. ఉయ్యూరేగా, వెళ్లిరా" అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక రమ్మన్నారు కాబట్టి పదిన్నర ప్రాంతంలో బస్టాండులో బస్సెక్కాను. టికెట్టు యాభై రూపాయల లోపే. బెంజి సర్కిల్ దాటేదాకా ట్రాఫిక్కు, కంకిపాడు దాటాక చెరకు ట్రాక్టర్లు. వాటి వెనక నెమ్మదిగా నడిచి బస్సు ఉయ్యూరు చేరేసరికి గంటకు పైనే పట్టింది. అక్కడ ఆటో ఎక్కి దేవదానం పాస్టరుగారిల్లని చెప్పాను.

"ప్రార్థనకా అండీ?" అన్నాడు డ్రైవరు.

"కాదండీ, గ్రీకు చదవడానికి."

"కోచింగా అండీ? ఆదివారం కూడా వదల్లేదా!" అని జాలిపడి, ఇరవై రూపాయలు తీసుకుని సరిగ్గా గుమ్మం ముందే దింపాడు.

పాస్టరుగారు ఒక పేజీలో గ్రీకు, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్న నా పుస్తకం అందుకుని, కళ్లజోడు తుడుచుకుని, నేను గుర్తు పెట్టుకున్న పేజీ తెరిచారు. సముద్రంలో తుఫానుకు చిక్కిన ఓడ కథ అది. మొదటి పంక్తి మీద వేలు పెట్టి, మళ్లీ మళ్లీ మొదటికే వచ్చారు.

"అక్షరాలు తెలుసమ్మా. మాటలు తెలియట్లేదు" అన్నారు చివరికి. "నేను నేర్చుకుంది సువార్తల గ్రీకు. ఇది దానికంటే ఎంతో పాతది. సంఘంలో అందరూ నాకు గ్రీకు వచ్చనుకుంటారు." పుస్తకం మూసేశారు.

ఆయన మొహం చూసి నాకు ప్రాణం చివుక్కుమంది. పెద్దాయనను ఆయనింట్లోనే చిన్నబుచ్చానే అనిపించి, "ఫర్వాలేదయ్యగారూ, నేను బయల్దేరతాను" అని లేచాను.

వంటింట్లోంచి ఆయన భార్య కరుణమ్మగారు బయటికొచ్చారు. "కూర్చో అమ్మాయ్. ఏవండీ, తను చదవమంది గానీ అర్థం చెప్పమందా? చదవండి, నేనూ వింటాను."

ఆయన మళ్లీ పుస్తకం తెరిచారు. మొదటిసారి తడబడ్డారు. రెండోసారి గొంతు నిలబడింది. మూడోసారికి పంక్తికొక నడక దొరికింది. పొడుగు మాట దగ్గర సాగుతూ, పొట్టి మాటల మీద గబగబా దూకుతూ చదివారు. ఉన్నట్టుండి ఆయన ఆగి, "థలస్సా!" అని బల్ల మీద చేత్తో చరిచారు. "సముద్రం! ఇది నాకు తెలుసు. సువార్తల్లోనూ సముద్రానికి ఇదే మాట!"

ఇక ఆగలేదు. కోడికూర, గోంగూర పచ్చడితో భోంచేశాక ఆయన అలమరలోంచి పాత నిఘంటువు దించారు. ఎదుటి పేజీలో ఇంగ్లీషు అనువాదం ఎలాగూ ఉంది. మాట మాటా వెతుక్కుంటూ, ఒకరినొకరు దిద్దుకుంటూ సాయంత్రానికి ఐదు పంక్తులు దాటాం.

"ఇంతకీ ఓడలో వాళ్లు ఒడ్డుకు చేరారా?" అడిగారు కరుణమ్మగారు.

"లేదమ్మగారూ, ఇంకా పెద్ద అల వస్తోంది."

"అయితే ఇప్పుడే వెళ్లకు. టీ పెడతాను."

తిరుగు బస్సులో ఆ పంక్తులు నోట్లో నోట్లోనే చెప్పుకుంటూ వచ్చాను. ఇంగ్లీషులో ఆ పేజీని ఒకప్పుడు రెండు నిమిషాల్లో దాటేశాను. బాగుందనుకున్నాను కూడా. కానీ ఆ రోజు తెలిసీ తెలియని భాషలో, తెలియదని ఒప్పుకున్న మనిషి పక్కన కూర్చుని, ఒక్కో మాటా పట్టుకున్నప్పటి సంతోషం వేరు. ఎంత చదివామన్న లెక్కే గుర్తు రాలేదు. పెనమలూరు ఎప్పుడు దాటిందో కూడా చూడలేదు.

ఇలా వెళ్లాలనుకునేవారికి ఒక్క సూచన: పేజీని పెద్ద అక్షరాల్లో జిరాక్సు తీయించి, ఇంట్లో ఎందరుంటే అన్ని కాపీలు పట్టుకెళ్లండి. నేను ఒక్క పుస్తకమే తీసుకెళ్లాను. నేను బయల్దేరే వేళకు కరుణమ్మగారు మా ఇద్దరి భుజాల మధ్య నుంచి తొంగి చూస్తూ, వేలితో గాలిలో మొదటి అక్షరం రాసుకుంటున్నారు.